ప్రాతబండి – క్రొత్త ఇంజను

నా మిత్రుడొకని యింట ప్రాత మోటారుబండి యొకటి గలదు. అది 1964వ సంవత్సరమున వాని తండ్రిగారు కొన్న అంబాసిడరు. ఆయన కోనసీమలో వైద్యులు. కాలువగట్ల వెంబడి, వానలోను బురదలోను, అర్ధరాత్రమున పురుడు పోయవలసి వచ్చినను, పాముకాటు మనిషిని చూడవలసి వచ్చినను, ఆయన ఆ బండిలోనే పోయెడివారు. ఆయన గతించి యిరువదియేండ్లయినది. బండి పెరటిపాకలో నట్లే నిలిచియున్నది.

ఈ నడుమ వాని తల్లిగారికి ఒక కోరిక పుట్టినది. ఎనుబది దాటిన ఆ యమ్మగారు తన పుట్టినయూరికి ఒక్కమారు ఆ బండిలోనే పోయి రావలెనని కోరినది. మెకానిక్కును పిలిపించిరి. అతడు బోనెట్టు తెరచి చూచి, ఇంజను బ్లాకు పగిలినదనియు, అతికించినను నిలువదనియు, 1990వ దశాబ్దిలో అంబాసిడరు బండ్లకు వచ్చిన ఇసుజు ఇంజను నొకదానిని సంపాదించి బిగించినచో బండి హాయిగా పరుగెత్తుననియు చెప్పెను. ఇంతలో ప్రాతబండ్ల బేరములు చేయు మధ్యవర్తి యొకడు వచ్చి, "ఆ పని చేయకుడు. వెల పడిపోవును. ఈ రకపు ప్రాత యింజనునే మరియొకటి నేను తెచ్చెదను. దానిమీది నంబరు అరగదీయించి, మీ కాగితములలో నున్న నంబరు కొట్టించెదను. ఇక మీది అసలుబండియే యగును. ఎవ్వరికిని తెలియదు" అని హితవు చెప్పెను. అన్నయ్యగారు మూడవ దారి చూపిరి. "తండ్రిగారి వస్తువు, ముట్టవద్దు. ఉన్నది ఉన్నట్లు ఉండనిండు" అనిరి.

మిత్రుడు నన్నడిగెను: "మాస్టారూ! ఈ మువ్వురిలో నెవరిది ధర్మము?"

మోటారుబండ్ల విషయమున నా పాండిత్యము మిక్కిలి స్వల్పము. అయినను ఈ ప్రశ్న యింజనులకు సంబంధించినది మాత్రమే కాదని నాకు తోచినది. ప్రాతదానిని మార్చుట తప్పా? మార్చకుండుట తప్పా? మార్చి, మార్చలేదనుట తప్పా? సంస్కారమును కోరువారమందరమును దినదినమును ఎదుర్కొనుచున్న ప్రశ్నయే యిది. కనుక మిత్రునికి చెప్పవలసిన యుత్తరమును, చదువరులతో కూడ ఆలోచించి, ఇచ్చట వ్రాయుచున్నాను.

మొదట వెల సంగతి విచారింతము. లోకములో వస్తువు వాడినకొలది అరుగును. అరిగినకొలది వెల తగ్గును. మోటారుబండియు మొదటి ముప్పది నలువదియేండ్లు ఈ ధర్మమునకు లోబడియే యుండును. ఆ పిమ్మట కొన్ని బండ్ల విషయమున చిత్రమైన మార్పు కలుగును. తగ్గుచు వచ్చిన వెల నిలుచును. నిలిచి, పెరుగ నారంభించును. బండి బాగుపడినందున కాదు. అది నిన్నటికంటె నేడు మరింత ప్రాతబడియే యున్నది. అయిన నేల పెరుగును? ఏలయన, అంతవరకు అది ప్రయాణసాధనము. అటుపిమ్మట అది సాక్షి. ఒకానొక కాలమున మనుష్యులెట్టి లోహమును పోతపోసిరో, ఎట్టి రంగును మెచ్చిరో, ఎంత వేగమును వేగమనుకొనిరో ఆ బండి సాక్ష్యమిచ్చుచున్నది. సాక్షికి విలువ దేనివలన? సత్యమువలన. కొనువాడు డబ్బిచ్చునది లోహమునకు మాత్రమే కాదు, ఆ సాక్ష్యమునకు.

ఇంజను నంబరునకు ఇంత గౌరవమేల వచ్చినదో ఇప్పుడు తెలియగలదు. అమెరికాదేశమున షెవ్రొలే కంపెనీవారు 1969వ సంవత్సరపు కమారో బండ్లను రెండులక్షలకు పైగా తయారుచేసిరి. అందులో 69 బండ్లకు మాత్రము అల్యూమినియముతో పోతపోసిన ఏడులీటర్ల యింజనును బిగించిరి. బయటనుండి చూచువానికి ఈ అరువదితొమ్మిదింటికిని తక్కినవానికిని చెప్పదగిన భేదమే లేదు. భేదమంతయు బోనెట్టు క్రింద నున్నది. కావున ఆ యింజను పోయినచో ఆ బండి గొప్పతనమున ముఖ్యభాగము పోయినట్లే. సామాన్యమైన బండిలో అట్టి యింజనును తెచ్చి పెట్టినను అది ఆ అరువదితొమ్మిదింటిలో నొకటి కానేరదు. ఈ భేదమును కనిపెట్టుటకు కొనువారికి ఆధారమేమి? ఆ కాలపు అమెరికాబండ్ల యింజను దిమ్మమీద బండి సంఖ్యలోని కొన్ని యంకెలను ముద్రించు పద్ధతి యుండెడిది. ఆ రెండును సరిపోయిన బండికి ఎక్కువ వెల, సరిపోనిదానికి తక్కువ. ఇంజను రెంటను చక్కగా నడచుచున్నను ఈ భేదము తప్పదు. అంకెలు చిన్నవే; కాని అవి యొక వాంగ్మూలము.

ఈ సాక్ష్యమునకు మనుష్యులెంత వెల యిత్తురో చూడుడు. 2015వ సంవత్సరము ఫిబ్రవరిలో పారిసు నగరమున, బైలాన్ అను ఫ్రెంచి వ్యాపారి యెన్నడో సేకరించి పాకల క్రింద వదలిపెట్టిన బండ్లను వేలము వేసిరి. అందులో ఫెరారీ కంపెనీవారి బండి యొకటి ప్రాతపత్రికల కట్టల క్రింద దొరకినది. దానిని తోమలేదు, రంగు వేయలేదు, దుమ్ముతోనే ప్రదర్శించిరి. ఒక కోటి అరువదిలక్షల యూరోలకు పైగా పలికినది! మన గృహిణులు ప్రతిదినమును చీపురుతో ఊడ్చి పారవేయు దుమ్మునకు అచ్చట ఎంత గౌరవము! నవ్వవచ్చును. కాని యోచించినచో దుమ్మున కా వెల రాలేదు. "నన్నెవ్వరును ముట్టలేదు" అని ఆ దుమ్ము చెప్పిన మాటకు వచ్చినది.

అట్లయినచో అన్నయ్యగారి మాటయే సిద్ధాంతమగునా? ముట్టకుండుటయే ధర్మమా? ఇచ్చట నా మనస్సు ఒప్పుకొనలేదు. హైదరాబాదులో చౌమహల్లా ప్రాసాదమున పసుపుపచ్చని రోల్సు రాయిసు బండి యొకటి గలదు. సింహాసనమువంటి యాసనము గలిగిన ఆ బండిని ఆరవ నిజాము మహబూబ్ అలీఖానుగారు కోరి చేయించిరి. ఆయన 1911వ సంవత్సరమున గతించుటచే ఏడవ నిజాముకాలమున అది వాడుకలోనికి వచ్చినది. ఎప్పుడో యొక యుత్సవమునకు తప్ప దానిని బయటకు తీయలేదు; అన్ని సంవత్సరములలోను అది నడచినది కొన్నివందల మైళ్లు మాత్రమే. చూడ ముచ్చటైన వస్తువే. కాని నడువని బండి అరుగకుండుటలో బండియొక్క ఘనత యేమున్నది? ఎన్నడును పరీక్ష వ్రాయని విద్యార్థి తప్పలేదని మెచ్చుకొనుటవంటిదే అది.

దీనికి ఎదుట క్యూబాద్వీపపు బండ్లను నిలుపుడు. 1960వ దశాబ్ది యారంభమున అమెరికా ఆ దేశముతో వర్తకమును నిషేధించినది. అప్పటికి అచ్చట నున్న అమెరికా బండ్లకు విడిభాగములు రాకడ యాగిపోయినవి. ప్రజలేమి చేయుదురు? 1950 ప్రాంతపు షెవ్రొలేలలోను బ్యూకులలోను రష్యాదేశపు వోల్గా, లాడా బండ్ల యింజనులను, పిదప దొరకిన డీసెలు ఇంజనులను బిగించుకొని, అరువదియేండ్లు కుటుంబములను పోషించుకొనిరి. సంఖ్యలను సరిచూచు వర్తకుడు ఆ బండ్లను చూచి పెదవి విరుచును. కాని ఆ బండ్లలో అబద్ధమెచ్చట నున్నది? ఆ పరాయి యింజనే ఆ దేశచరిత్రకు సాక్షి. దానిని తీసివేసి అమెరికా యింజనును తెచ్చి పెట్టినచో బండి వెల పెరుగవచ్చును. చరిత్ర మాత్రము చెరిగిపోవును.

కాబట్టి యింజను మారినంత మాత్రమున బండి పరువు పోయినదనలేము. ఇంతకును, భాగములు మారిన వస్తువు అదియే యనవచ్చునా, కాదా? ఈ ప్రశ్న మోటారులకంటె మిక్కిలి ప్రాచీనమైనది. గ్రీకుదేశమున థీసియసు వీరుని యోడను ఏథెన్సువారు భద్రపరచుచు, పుచ్చిన పలకనెల్ల తీసి క్రొత్తది వేయుచు వచ్చిరనియు, పలకలన్నియు మారినపిదప అది ఆ యోడయే యని కొందరు, కాదని కొందరు వాదించిరనియు ప్లూటార్కు వ్రాసెను. ఆంగ్లేయ తత్త్వవేత్త హాబ్సు ఇంకొక చిక్కు తెచ్చిపెట్టెను: తీసివేసిన ప్రాతపలకలన్నియు నొకడు ప్రోగుచేసి మరియొక యోడను కట్టినచో, ఏది థీసియసు యోడ? చదువరులు దీనిని వట్టి తర్కమనుకొనవద్దు. ఒకే నంబరుతో రెండు బండ్లు "నేనే అసలు" అని నిలుచుట మోటారు వ్యాపారమున నిజముగానే జరుగుచున్నది.

మన దేశమున ఈ ప్రశ్న రథముతోనే పుట్టినది. మిలిందరాజు నాగసేనభిక్షువును చూడ రథమెక్కి పోయెను. నొగ రథమా? ఇరుసు రథమా? చక్రములు రథమా? అని నాగసేను డడుగగా రాజు కాదు కాదనుచు వచ్చి, తుదకు ఇవి యన్నియు తగినట్లు కూడినప్పుడు రథమను వ్యవహారము కలుగునని యొప్పుకొనెను. ఆ గ్రంథముననే దీపముయొక్క దృష్టాంతమును గలదు. రాత్రియంతయు వెలిగిన దీపమున తొలిజామునాటి జ్వాలయు తెల్లవారుజామునాటి జ్వాలయు ఒక్కటి కావు. అయినను రెండు దీపములును కావు. ఎడతెగక సాగుటయే దాని యేకత్వము.

బౌద్ధభిక్షువు చెప్పిన యీ మాటను ఇంగ్లాండున నొక న్యాయాధిపతి 1990వ సంవత్సరమున మోటారుబండి విషయమున చెప్పవలసివచ్చెను. బెంట్లీ కంపెనీవారి పందెపుబండి యొకటి "ఓల్డ్ నంబర్ వన్" అను పేర ప్రసిద్ధిచెందినది. అది ఫ్రాన్సులో లమాన్ అనుచోట జరుగు ఇరువదినాలుగు గంటల పందెమును 1929లోను 1930లోను వరుసగా గెలిచెను. పిమ్మట దానిని మార్చి మార్చి పందెములకు వాడిరి. 1932లో దాని ఆరున్నర లీటర్ల యింజనునకు బదులు ఎనిమిదిలీటర్ల యింజనును పెట్టి బ్రూక్లాండ్సు పందెమునకు తీసికొనిపోగా, అది గట్టు దాటి పడిపోయి, నడపుచున్న క్లైవ్ డన్ఫీ మరణించెను. ఆ బండిని మరల బాగుచేసి క్రొత్త పైకట్టు కట్టిరి. 1990లో దానిని కోటి పౌనులకు అమ్ముటకు ఒడంబడిక జరిగినది. పిదప కొనువారు వెనుదీసి, ఇది పందెము గెలిచిన బండి కాదనిరి. వ్యాజ్యము నడచినది.

జస్టిస్ ఆటన్ గారు సాక్ష్యము విని భాగము భాగముగా లెక్కించిరి. 1929నాటి బండిలోనివి యిప్పుడు మిగిలినవి మిక్కిలి కొలదియని తేలినది. కావున దీనిని మొదట తయారైన బండియే యని చెప్పవీలులేదనిరి. కాని, అంతటితో ఆగలేదు. ఈ బండి యే దినమునను నశించి మరల పుట్టినది కాదనియు, మార్పులు క్రమక్రమముగా దానిలో కలిసిపోయినవనియు, ఆ పేరునకు హక్కు చెప్పుకొనదగిన బండి వేరొకటి లోకమున లేదనియు, అమ్మకమునకు వచ్చినది లోహము మాత్రమే కాక ఆ బండి చరిత్రయు కీర్తియు నని చెప్పి, అమ్మినవారి పక్షమున తీర్పిచ్చిరి. మొదటి రూపమున మిగిలియుండుట వేరు. నిజమైనదై యుండుట వేరు. ఈ రెంటిని వేరుచేసి చూపుటయే ఆ తీర్పునందలి వివేకము.

ఇందులో నింకొక సూక్ష్మము గలదు. ఎవరైన నొకడు ఆ ఎనిమిదిలీటర్ల యింజనును తీసివేసి, 1929నాటి రకపు టింజనును వెదకి తెచ్చి బిగించి, "ఇప్పుడు అసలురూపము వచ్చినది" అనెననుకొనుడు. వచ్చినదా? పోయినదా? డన్ఫీ ప్రాణము తీసిన యింజను అందు లేకపోయినచో ఆ బండి తన బ్రదుకున నొక ఘోరదినమును మరచినట్లు కదా! ప్రాతరూపమునకు మరలించుటయు నొక్కొక్కప్పుడు చరిత్రను చెరపుటయే యగును.

పూరీ జగన్నాథస్వామి నవకళేబరమును చదువరు లెరుగుదురు. 1996లోను 2015లోను జరిగినది. దారువిగ్రహములను క్రొత్తగా చెక్కి, ప్రాతవిగ్రహములలోని బ్రహ్మపదార్థమును రహస్యముగా క్రొత్తవానిలో నుంచి, ప్రాతవానిని కోయిలివైకుంఠమున సమాధి చేయుదురు. స్వామి మారినాడని యే భక్తుడును అనడు. కొయ్య మారలేదనియు నెవ్వడును అనడు! క్రొత్తకొయ్యకు వేయియేండ్ల వయస్సు కట్టవలసిన యవసరము పూజారులకు కలుగలేదు. ఏ సంవత్సరమున మార్చినది లోకమంతయు నెరుగును. మార్పులో రహస్యమున్నది గాని, మార్చితిమనుటలో రహస్యము లేదు. మన దేవాలయములకు జీర్ణోద్ధారమను మాటయే యున్నది. జీర్ణమైనదని యొప్పుకొనుట, ఉద్ధరించుట – రెండును ఆ పదముననే యున్నవి.

ఇప్పుడు మార్పులను తరగతులుగా విభజింపవచ్చును. అవసరముచే చేయు మార్పు మొదటిది. పగిలిన బ్లాకు నడువదు గనుక మార్చుట, విడిభాగములు రానందున క్యూబావారు మార్చుట ఇట్టివి. దీనివలన వెల కొంత తగ్గవచ్చును. పరువు తగ్గనవసరము లేదు.

అభిరుచిచే చేయు మార్పు రెండవది. కాలిఫోర్నియాలో సింగరు అను కంపెనీవారు ప్రాత పోర్షే 911 బండ్లను విప్పి, ఇంజనుతో సహా దాదాపు సర్వమును క్రొత్తగా నిర్మింతురు. వాని వెల ముట్టని బండ్ల వెలలను పెక్కింటిని మించుచున్నది. అసలుదనము పోయినచో వెల పోవునను సూత్రము ఇచ్చట పనిచేయలేదు. ఏలయన వారు పనితనమును అమ్ముచున్నారు. ప్రాచీనతను నటించుట లేదు. 2018లో ఇంగ్లాండు రాజకుమారుడు హారీ తన వివాహదినమున విద్యుచ్ఛక్తితో నడచునట్లు మార్చిన జాగ్వారు ఇ–టైపు బండిని నడపెను. లోకము చూచి ముచ్చటపడినది. కాని ప్రాతబండ్ల సంఘములకు ప్రపంచసమాఖ్యయైన ఫీవా, విద్యుత్తునకు మార్చిన బండి తమ నిర్వచనము ననుసరించి చారిత్రకవాహనము కాజాలదని చెప్పుచు, అట్టి మార్పు చేయువారు తీసిన భాగములను పారవేయక దాచి, ఎప్పుడైన మరల బిగించుటకు వీలుండునట్లు చేయవలెనని హితవు చెప్పినది. ఇది నాకు మిక్కిలి నచ్చిన మాట. మన తరమువారికి తోచినదే తుదిమాట కాదు. మన తరువాతివారికి వేరుగా తోచవచ్చును. వారికి దారి మూయరాదు.

భండార్కరు సంస్థవారు పూనాలో 1919 మొదలు 1966 వరకు మహాభారతమును పరిష్కరించినప్పుడు ఈ ధర్మమునే పాటించిరి. ప్రాచీనపాఠము కాదని తోచిన శ్లోకములను వారు తగులబెట్టలేదు. పేజీ క్రిందను అనుబంధములలోను చేర్చి, ఏ ప్రతిలో నున్నదో గుర్తుపెట్టిరి. చదువువాడు తన తీర్పు తాను చేసికొనవచ్చును. పండితుడు గ్రంథమునకు చేసినదానిని మెకానిక్కు బండికేల చేయరాదు?

మోసమునకై చేయు మార్పు మూడవది. నంబరు అరగదీసి నంబరు కొట్టుట యిదియే. మధ్యవర్తి దీనిని చిన్నపనిగా చెప్పెను. "ఇంజను అదే రకము, బండి అదే, అంకెలు నాలుగు మారిన నేమి?" అనెను. నిజమే, బరువులో నొక తులమైనను తేడా రాదు. నడకలో తేడా రాదు. అయినను వెల నిలిచియున్న చోటు అదియే! బండి సాక్షి యని యొప్పుకొన్నాము. సాక్షి ముసలివాడు కావచ్చును, కుంటివాడు కావచ్చును, కొన్ని సంగతులు మరచినవాడును కావచ్చును. అతని మాటకు విలువ పోదు. ఒక్కమారు అబద్ధమాడినట్లు తేలినచో, అతడాడిన నిజములకును విలువ పోవును. అంతేకాదు, ఆ యబద్ధము ఆ బండితో ఆగదు. ఒకడు నంబరు దొంగముద్ర వేసినచో, నిజమైన నంబరు గల నూరుగురును తమ నిజమును నిరూపించుకొనవలసి వచ్చును. అందుచేతనే నేడు కొనువారు భూతద్దములతో అంకెల వంకరలను పరిశీలించు దశ వచ్చినది.

"ఎవ్వరికిని తెలియదు" అను మాటలో నింకొక చిక్కున్నది. మిత్రునికి తెలియును. ఆ బండిలో తండ్రిగారి యాసనమున కూర్చుండినప్పుడెల్ల తెలియుచునే యుండును. తండ్రిమీది ప్రేమచే నిలుపుకొన్న వస్తువులో తండ్రికి చెప్పుకొనరాని పని యొకటి చేసి పెట్టుకొనుట యేమి ప్రేమ?

ఇచ్చట మన సంఘమును గూర్చి యొక మాట చెప్పక తప్పదు. మనలో ముట్టవద్దనువారు కొందరు. బ్లాకు పగిలినదని కండ్లార చూచియు, పూర్వులది గనుక అట్లే యుండవలెనందురు. బండి నడువదు, ఎవ్వరిని ఏయూరు చేర్పదు. మరికొందరు నిన్నగాక మొన్న పుట్టిన యాచారమునకు సనాతనమను ముద్ర కొట్టుదురు. పెండ్లికొడుకునకు లక్షలకొలది కట్నము పోయుటను పూర్వాచారమని చెప్పుచున్నవారు, క్రొత్తయింజనుమీద ప్రాతనంబరు కొట్టువారే కదా! సంస్కారము కోరు మనలోను ఈ దోషము లేకపోలేదు. మనకు నచ్చిన ప్రతి క్రొత్తమాటకును ప్రాచీనశాస్త్రములో మూలమున్నదని లాగి చూపుటకు ప్రయాసపడుచుందుము. మూలమున్నచో చెప్పుదము. లేనిచో, "ఇది క్రొత్తది, ప్రాతది పగిలినది గనుక దీనిని పెట్టితిమి" అని చెప్పుటకు సిగ్గేల? మార్పునకు బలము దాని మంచితనమునందు ఉండవలెను గాని, అరువు తెచ్చుకొన్న వయస్సునందు కాదు.

ఇక మన చట్టము సంగతి. 2021వ సంవత్సరమున కేంద్రప్రభుత్వము ప్రాచీనవాహనములకు ప్రత్యేకముగా నియమములు చేసినది. మొదటి రిజిస్ట్రేషను జరిగి యేబదియేండ్లు దాటి, ఛాసీలోగాని, పైకట్టులోగాని, ఇంజనులోగాని పెద్దమార్పులు చేయక అసలురూపమున నిలుపుకొన్న ద్విచక్ర, చతుశ్చక్ర వాహనములకు వి.ఏ. అను నక్షరములతో ప్రత్యేకసంఖ్య యిత్తురు. రుసుము ఇరువదివేల రూపాయలు. అట్టి బండిని ప్రదర్శనములకును, ప్రాతబండ్ల ఊరేగింపులకును, మరమ్మతునకును తీయవచ్చును గాని, దినదినము రోడ్డుమీద తిప్పరాదు. మరియు, కంపెనీవారు నిర్ణయించిన రూపమునకు భిన్నముగా బండిని మార్చరాదని సుప్రీంకోర్టువారు 2019లో తీర్పు చెప్పియున్నారు. కావున మెకానిక్కు చెప్పిన వేరురకపు ఇసుజు ఇంజను విషయమున రవాణా కార్యాలయమువారి నడుగకయే పని సాగించుట తగదు.

ఈ విచారణ యంతయు చేసి నేను మిత్రునికి చెప్పిన యుత్తరమిది. "మధ్యవర్తి చెప్పినదానిలో సగము తీసికొనుము: అదే రకపు ప్రాత యింజనును తెప్పింపుము. బండి నడకయు, చప్పుడును, తండ్రిగారి నాటివలెనే యుండును. రెండవసగము అతనికే వదలివేయుము. ఆ యింజనుమీద దాని నంబరు నట్లే యుండనిమ్ము. అధికారులకు దరఖాస్తు పెట్టి ఆ నంబరునే కాగితములలో వ్రాయింపుము. పగిలిన బ్లాకును ప్రాతయినుమునకు అమ్మక, నూనె పూసి పాకలో నుంచుము. ఒక నోటుపుస్తకమున, ఏ తేదీని, ఎందుచేత, ఏయే భాగములు మార్చితివో వ్రాసి బండిలోనే పెట్టుము. వెల కొంత తగ్గును. తగ్గనిమ్ము. ఆ తగ్గినంతయు సత్యమునకు నీవు చెల్లించిన రుసుము."

అన్నయ్యగారికి ఇది కొంత కష్టముగానే తోచినది. వారి సంకటమును నేను తేలికగా చూడను. తండ్రి చేతితో పట్టిన వస్తువును విప్పుచుండగా చూచుట కొడుకునకు కష్టమే. "నాన్నగారి యింజను తీసివేయుచున్నామే" అని ఆయన తల్లిగారియొద్ద వాపోగా, ఆ యమ్మగారు చెప్పిన మాట నాకు మిత్రుడు వచ్చి చెప్పెను. "నాయనా, మీ నాన్నగారు ఆ బండికి రెండుమారులు ఇంజను విప్పించి బోరు చేయించిరి; మూడుమారులు రంగు వేయించిరి. బండి ఆగినచో ఆవలియూర మనిషి చచ్చునని ఆయన భయము. పాకలో పెట్టి దణ్ణము పెట్టుకొనుటకు ఆయన దానిని కొనలేదు."

ఇంజను వచ్చినది. కాగితముల పని జరుగుచున్నది. అది ముగిసినపిదప వారు ప్రయాణము కావలెనని సంకల్పము. నోటుపుస్తకమున మొదటిపుటలో మిత్రుడు తండ్రిగారి పేరును, బండి కొన్న సంవత్సరమును, రెండవపుటలో పగిలిన బ్లాకు నంబరును, దాని ప్రక్కనే క్రొత్తగా వచ్చినదాని నంబరును వ్రాసియుంచినాడు. రెండు నంబరులును వేరువేరుగా నున్నవి.